కారు కిందికి దూరే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒక చిన్న కారు వాడుతున్నాను. ఇంజిన్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవాలని ఉంది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ అడుగున, పాత ఆయిల్ దించడానికి ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పాలంటే కారు కిందికి వెళ్లాలి, కానీ కారుకూ నేలకూ మధ్య నా చెయ్యి తప్ప మరేమీ పట్టడం లేదు. డిక్కీలో బండితో పాటు ఇచ్చిన జాకీ ఉంది. దానితో ముందుభాగాన్ని ఎత్తి, జాగ్రత్త కోసం పక్కన సిమెంటు దిమ్మెలు పేర్చుకుంటే పది నిమిషాల్లో పని అయిపోతుందని ఒక మిత్రుడు అంటున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం ససేమిరా వద్దంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇంట్లోవాళ్ల మాటే వినండి. ఆయిల్ మార్చడం పెద్ద విద్య ఏమీ కాదు. బోల్టు విప్పడం, ఫిల్టర్ మార్చడం, కొత్త ఆయిల్ పోయడం ఒక పూటలో ఎవరైనా నేర్చుకోగలరు, అందులో పొరపాటు జరిగినా చేతులు నల్లబడడమో, కొంత ఆయిల్ నేలపాలు కావడమో జరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చే పొరపాట్లన్నీ అంతకంటే ముందు, బండిని పైకి లేపి నిలిపే దగ్గరే జరుగుతాయి.

బండిని ఎత్తడం ఒక పని, ఎత్తిన బండిని అలాగే నిలిపి ఉంచడం మరొక పని. జాకీని తయారుచేసింది మొదటి పనికి. మీ డిక్కీలో ఉన్న స్క్రూ జాకీ, టైరు పంక్చరైనప్పుడు ఒక మూలను లేపి చక్రం మార్చుకోవడానికి ఇచ్చినది. ఆ పని జరిగినంతసేపూ మనిషి బండి పక్కన ఉంటాడే తప్ప కింద ఉండడు. దాని పీఠం అరచేతి వెడల్పు మాత్రమే కాబట్టి పక్కనుంచి కాస్త తోపు తగిలినా ఒరిగిపోతుంది. కారుతో పాటు ఇచ్చే పుస్తకం తెరిచి చూడండి, జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి వెళ్లకూడదన్న హెచ్చరిక కనిపిస్తుంది.

గ్యారేజీల్లో వాడే హైడ్రాలిక్ జాకీ ఇంతకంటే బలమైనదే అయినా, మనిషి కింద ఉన్నప్పుడు దానినీ నమ్మలేము. అందులో బండి బరువంతా నిలిచేది పీడనంలో ఉన్న కొద్దిపాటి ఆయిల్ మీద, ఆ పీడనాన్ని కాపాడేవి రబ్బరు సీళ్లూ ఒక చిన్న వాల్వూ మాత్రమే. సీలు అరిగినా, వాల్వు కుదురుకునే చోట నలుసు ఇరుక్కున్నా, హ్యాండిల్‌కు కాలు తగిలి కొద్దిగా తిరిగినా బండి దిగుతుంది. అది నిదానంగా దిగుతుందా, ఒక్కసారిగా పడుతుందా అన్నది మన చేతిలో ఉండదు. పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఒక రాత్రి ఒక బండిని హైడ్రాలిక్ జాకీ మీదే వదిలి వెళ్లాను. తెల్లవారి చూస్తే చక్రం నేలమీద ఉంది. ఎప్పుడు దిగిందో ఎవరికీ తెలియదు, చప్పుడు విన్నవారూ లేరు.

ఇక సిమెంటు దిమ్మెల సంగతి. గోడలో ఉన్న దిమ్మె మీద బరువు దాని ముఖమంతా పరుచుకుంటుంది. కారు అంచున ఉండే సన్నని రేకుపట్టీ అదే దిమ్మెను ఒక గీత వెంబడి ఒత్తుతుంది. ఇనుము విరిగే ముందు సాధారణంగా వంగుతుంది, చూసినవాడికి తప్పుకునే వ్యవధి ఉంటుంది. సిమెంటు దిమ్మె వంగదు, ఏ సూచనా లేకుండా పగిలి ముక్కలవుతుంది. లోపల బోలుగా ఉండే దిమ్మెలైతే చెప్పనక్కరలేదు. ఇటుకలదీ, ఒకదానిమీద ఒకటి పేర్చిన చెక్కముక్కలదీ ఇదే తీరు. మీ మిత్రుడు జాగ్రత్త అంటున్నది నిజానికి రెండో ప్రమాదం.

మీకు కావలసినవి జాకీ స్టాండ్లు. వెడల్పైన ఇనుప కాళ్లు, మధ్యలో పైకి లేచే కడ్డీ, ఆ కడ్డీని పట్టి ఉంచడానికి పళ్లూ కొక్కెమూ లేదా అడ్డంగా గుచ్చే పిన్ను, ఇంతే వాటి నిర్మాణం. కారిపోవడానికి అందులో ద్రవం లేదు, అరిగిపోవడానికి సీలు లేదు. జాకీతో బండిని లేపి, ఈ స్టాండ్ల మీద కూర్చోబెట్టిన తరువాతే కిందికి వెళ్లాలి.

చోటు ఎంచుకోవడంతో పని మొదలవుతుంది. గట్టిగా, చదునుగా ఉన్న కాంక్రీటు నేల కావాలి. మట్టినేల, కంకర, లోపల గుల్లబారిన రాతిపలకలు పనికిరావు. తారు నేల ఉదయం గట్టిగానే అనిపించినా ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడి స్టాండ్ కాళ్లను లోపలికి దిగనిస్తుంది. తారు తప్ప వేరే చోటు లేనివారు చల్లని వేళలో, ప్రతి స్టాండ్ కిందా వెడల్పైన మందపాటి ప్లైవుడ్ పలక వేసుకోవాలి.

బండిని లేపకముందే ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పలచబడి బాగా కారుతుంది. దూరప్రయాణం చేసి వచ్చిన వెంటనే మాత్రం విప్పకండి, అప్పుడు ఆయిల్ చర్మాన్ని బొబ్బలెక్కించేంత వేడిగా ఉంటుంది. తాళంచెవి తీసి ఇంట్లో పెట్టండి. బటన్‌తో స్టార్టయ్యే బండి అయితే తాళాన్ని జేబులో వేసుకుని కిందికి వెళ్లకండి.

తరువాత చక్రాలు కదలకుండా చూసుకోవాలి. చాలామంది గేరు వేశాం కదా అని ధీమాగా ఉంటారు. ఇంజిన్ బలం ముందు చక్రాలకు అందే కారులో గేరు పట్టి ఉంచేది ముందు చక్రాలనే, ఆటోమేటిక్ బండిలో ‘పి’ (పార్క్) స్థానం పట్టేదీ వాటినే. ముందుభాగాన్ని గాలిలోకి లేపాక ఆ పట్టు నేలకు అందదు. అప్పుడు బండిని ఆపేది సాధారణంగా వెనక చక్రాల మీద పనిచేసే హ్యాండ్ బ్రేకూ, ఆ చక్రాలకు మనం పెట్టే అడ్డుదిమ్మెలూ మాత్రమే. అదే వెనకభాగాన్ని లేపితే హ్యాండ్ బ్రేకు నిరుపయోగమవుతుంది, ముందు చక్రాలకు అడ్డం పెట్టాలి. ముందు చక్రాల్లో ఒక్కటి మాత్రమే గాలిలో ఉంటే ఇంకొక చిక్కు ఉంది. రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, గాలిలో ఉన్నదాన్ని ఒకవైపు తిప్పుతూ నేలమీద ఉన్నదాన్ని మరోవైపు దొర్లనిస్తుంది, కాబట్టి గేరులో ఉన్న బండి కూడా కదలగలదు. అందుకే హ్యాండ్ బ్రేకు వేసి, గేరు వేసి, నేలమీద ఉండబోయే చక్రాలు రెండింటికీ ముందూ వెనకా అడ్డుదిమ్మెలు బిగించండి. దారిన దొరికిన గుండ్రని రాయి కంటే ఒకవైపు ఏటవాలుగా కోసిన చెక్కదిమ్మె ఎంతో మేలు.

జాకీని ఎక్కడ ఆనించాలన్నది ఊహించే విషయం కాదు, మీ కారు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. చాలా కార్లలో తలుపుల కింది అంచు వెంబడి నిలువుగా దిగిన రేకుపట్టీ మీద, ముందు చక్రం వెనకా వెనక చక్రం ముందూ, రెండు చిన్న గాట్ల మధ్య ఆ చోటు ఉంటుంది. అక్కడ లోపల ఉక్కు దట్టంగా ఉంటుంది. ఆ పట్టీ నలగకుండా, గాడి తీసిన రబ్బరు దిమ్మెను జాకీ తలమీద పెట్టుకుంటే మంచిది. ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, సైలెన్సర్ గొట్టం, అడుగు రేకు, వీటిలో వేటికీ జాకీ తగలకూడదు. చాంబర్ కింద జాకీ పెట్టి లేపి, దాన్ని సొట్టపరచుకుని, ఆయిల్ మార్చబోయి చాంబరే మార్చుకున్నవారిని నేను చూశాను.

మొదటిసారి చేసేవారిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. రేకుపట్టీ మీద ఉన్న ఆ చోటులోనే జాకీ పెడితే స్టాండ్ ఎక్కడ పెట్టాలి? దీనికి చక్కని మార్గం, ముందుభాగం మధ్యలో ఉండే బలమైన అడ్డదూలం కింద ట్రాలీ జాకీ, అంటే చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ పెట్టి రెండు వైపులనూ ఒకేసారి లేపి, పక్కనున్న గాట్ల మధ్య చెరొక స్టాండూ పెట్టడం. అయితే మీ కారులో ఆ దూలాన్ని ఎత్తే చోటుగా తయారీదారు చూపించి ఉండాలి. అలా చూపించకపోతే, స్టాండ్ పెట్టదగిన వేరే చోట్లు ఏవో అదే పుస్తకంలో వెతకాలి. ఒక్కొక్క వైపు లేపవలసి వస్తే ఒకవైపును ఒకేసారి పూర్తి ఎత్తుకు తీసుకుపోకండి. మొదట స్టాండ్‌ను తక్కువ ఎత్తులో పెట్టి, రెండో వైపునూ అంతే లేపి, మళ్లీ మొదటి వైపుకు వచ్చి పెంచుకుంటూ పోవాలి. లేకపోతే మొదటి స్టాండ్ ఓరగా ఒత్తిడికి లోనవుతుంది.

ట్రాలీ జాకీ చెయ్యి నిలువుగా పైకి లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందువల్ల బండి పైకి వస్తున్నకొద్దీ జాకీ తన చక్రాల మీద కొద్దికొద్దిగా దొర్లాలి. నేలమీద గులకరాయి అడ్డుపడినా, పగులులో చక్రం ఇరుక్కున్నా జాకీ దొర్లదు, అప్పుడు బండినే లాగుతుంది లేదా జాకీ తల పట్టు తప్పుతుంది. లేపేముందు ఆ చోటును చీపురుతో ఊడ్వడం చాదస్తంలాగా కనిపించవచ్చు. నేను ఇప్పటికీ ఊడుస్తాను.

స్టాండ్లు అమర్చాక జాకీ వాల్వును అతి నెమ్మదిగా వదిలి, బరువును వాటి మీదికి దించండి. ప్రతి స్టాండూ నిటారుగా ఉందా, నాలుగు కాళ్లూ నేలను తాకుతున్నాయా, కొక్కెం పంటిలోకి పూర్తిగా దిగిందా అని చూడండి. తరువాత బంపరు దగ్గర నిలబడి రెండు చేతులతో బండిని గట్టిగా అటూఇటూ ఊపండి. కింద పడేదే అయితే మీరు బయట ఉన్నప్పుడే పడాలి. నిలిచిందంటే జాకీని తీసెయ్యకుండా, అడ్డదూలాన్ని తాకీ తాకనట్లు అక్కడే ఉంచండి, స్టెప్నీ చక్రాన్ని తలుపు అంచు కిందికి పడుకోబెట్టి తొయ్యండి. ఈ రెండూ స్టాండ్లకు బదులు కావు, అవి తప్పినప్పుడు మనిషి పట్టేంత ఖాళీ మిగల్చడానికి మాత్రమే. బండిని అవసరానికి మించి లేపవద్దు, పడుకున్నప్పుడు ఛాతీ మీద ఒక జానెడు ఖాళీ ఉంటే చాలు.

కింద చేరాక డ్రెయిన్ బోల్టు బిగుసుకుపోయి ఉంటే పిడికిలితో స్పానర్‌ను గుద్దకండి, కాలితో తన్నకండి. బోల్టు తలకు సరిగ్గా సరిపోయే రింగ్ స్పానర్ పెట్టి, నిదానంగా మీ వైపుకు లాగండి. స్టాండ్ల మీద ఉన్న బండి నిలువు బరువును ఓర్చుకుంటుంది గానీ అడ్డంగా తగిలే కుదుపును ఓర్చుకోదు. పని జరుగుతున్నంతసేపూ పిలిస్తే పలికే దూరంలో ఒక మనిషిని ఉండమనండి. బరువు ఛాతీని అదిమినప్పుడు ఎముకలు విరగకపోయినా ఊపిరి ఆడదు, కేక వెయ్యడమూ సాధ్యం కాదు. అందువల్ల ఆ మనిషి మధ్యమధ్య మిమ్మల్ని పలకరిస్తూ ఉండాలి, జాకీని ఎలా పంపు చెయ్యాలో కూడా తెలిసి ఉండాలి.

ప్రశ్న: స్టాండ్ల హడావుడి లేకుండా ర్యాంపుల మీదికి, అంటే చక్రాలు ఎక్కే ఏటవాలు దిమ్మెల మీదికి, కారు ఎక్కించి ఆయిల్ మార్చవచ్చునని విన్నాను. రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఆయిల్ మార్చడానికి మాత్రమే అయితే నా ఓటు ర్యాంపులకే. ర్యాంపు మీద కారు తన టైర్ల మీదే, తన బరువును రోజూ మోసే భాగాల మీదే నిలబడుతుంది. జాకీ ఎక్కడ పెట్టాలన్న వెతుకులాట ఉండదు, ఓరగా ఒత్తిడి పడే బెడదా తక్కువ. చక్రాలు విప్పవలసిన పనికి మాత్రం ఇవి ఉపయోగపడవు.

వీటిలోనూ ప్రమాదం ఉంది, అది ఎక్కించే క్షణంలో ఉంది. నున్నని నేలమీద చక్రం ర్యాంపును ఎక్కడానికి బదులు ముందుకు తోసేస్తుంది. ర్యాంపు కింద పలుచని రబ్బరు చాప పరిస్తే ఆ జారుడు తగ్గుతుంది. రెండు ర్యాంపులూ చక్రాలకు సూటిగా ఉండాలి. పక్కన ఒకరు నిలబడి సైగ చెయ్యాలి, ఆ మనిషి ఎట్టి పరిస్థితిలోనూ కారుకు ఎదురుగా నిలబడకూడదు. ఒక చక్రం పైనున్న గుంటలో కుదురుకోగానే ఆగాలి, తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే బండి ర్యాంపు దాటి అవతల దూకుతుంది, చాంబర్ దానిమీదే కూలబడుతుంది. ఎక్కాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరు వేసి, నేలమీద ఉన్న వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టండి. బంపరు కిందికి దిగి ఉండే కార్లకు పొట్టి ర్యాంపులు సరిపోవు, చక్రం తాకేలోపే బంపరు తగులుతుంది. వాటికి వాలు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉన్నవి తీసుకోవాలి.

ఎత్తుగా ఉండే పెద్ద బండ్ల యజమానులు జాకీగానీ ర్యాంపుగానీ కొనేముందు ఒకసారి నేలమీద పడుకుని చూడండి. డ్రెయిన్ బోల్టూ ఫిల్టరూ చేతికి అందుతుంటే బండిని లేపవలసిన పనే లేదు. అప్పుడు కూడా నాలుగు చక్రాలకూ అడ్డం పెట్టడం మానవద్దు.

ప్రశ్న: మా కారు బరువు ఇంచుమించు 1,000 కిలోలు. 2 టన్నుల స్టాండ్లు చాలా, 3 టన్నులవి తీసుకోవాలా?

జవాబు: లెక్క చూద్దాం. ఇంజిన్ ముందుండి ముందు చక్రాలను నడిపే కారులో బరువులో సుమారు 60 శాతం ముందువైపే ఉంటుంది. అంటే ముందుభాగాన్ని లేపినప్పుడు రెండు స్టాండ్ల మీదా కలిపి 600 కిలోలు, ఒక్కొక్కదాని మీద 300 కిలోలు. కాగితం మీద 2 టన్నులు ధారాళంగా సరిపోతాయి. స్టాండ్ మీద రాసిన అంకె ఒక్కదానికా, జంటకు కలిపా అన్నది మాత్రం చీటీ మీద చదివి తెలుసుకోండి, రెండు రకాలుగానూ రాస్తారు.

అయినా నేను 3 టన్నులవే తీసుకోమంటాను. కారణం బరువు కాదు. పెద్ద స్టాండ్ల కాళ్లు సాధారణంగా మరింత వెడల్పుగా పరుచుకుని ఉంటాయి, బోల్టు లాగినప్పుడు వచ్చే కుదుపును ఆ వెడల్పే తట్టుకుంటుంది. వాటి కనీస ఎత్తు మీ కారు కింద పడుతుందో లేదో కొనేముందు కొలుచుకోండి.

అంకె పెద్దదైనంత మాత్రాన నిశ్చింతగా ఉండలేమని 2020లో అమెరికాలో తెలిసింది. అక్కడ 3 టన్నులవీ 6 టన్నులవీ జాకీ స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించారు. పళ్లు కొక్కేనికి చాలినంత లోతుగా పట్టకపోవడంతో, బరువు కాస్త కదిలితే కొక్కెం తప్పుకుని స్టాండ్ ఒక్కసారిగా దిగిపోయే ప్రమాదం బయటపడింది. అందుకే పళ్లూ కొక్కెమూ ఉన్న స్టాండ్లలో అడ్డంగా గుచ్చే పిన్ను కూడా ఉన్నవి ఎంచుకోండి. కొక్కెం జారినా పిన్ను పట్టుకుంటుంది. వాడిన స్టాండ్లు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా అతుకుల దగ్గర పగులు ఉందేమో, కాళ్లలో వంకర ఉందేమో చూడకుండా తీసుకోవద్దు.

ప్రశ్న: ముందుభాగం మాత్రమే లేపితే పాత ఆయిల్ పూర్తిగా దిగుతుందా? కొత్త ఆయిల్ ఎప్పుడు పోయాలి?

జవాబు: అది డ్రెయిన్ బోల్టు ఎటువైపు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. చాంబర్ వెనక అంచున ఉంటే ముందుభాగం లేచినప్పుడు ఆయిల్ దానివైపే జారుతుంది, మీకు లాభమే. ముందువైపు ఉంటే కొంత ఆయిల్ వెనక మూలలో నిలిచిపోతుంది. ఆ కొద్దిపాటి కోసం నాలుగు చక్రాలనూ గాలిలోకి లేపే సాహసం ఇంటి దగ్గర అవసరమని నేను అనుకోను. నాలుగు స్టాండ్ల మీద ఉన్న బండికి నేలతో ఏ చక్రానికీ పట్టు ఉండదు, అడ్డుదిమ్మెలకు అక్కడ పనే లేదు.

ఆయిల్ ధార సన్నబడి చుక్కలుగా మారేదాకా కింద కూర్చోవలసిన అవసరం లేదు, బయటికి వచ్చేయండి. తరువాత కొత్త వాషర్‌తో బోల్టు బిగించి, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోలేదని చూసుకుని కొత్త ఫిల్టర్ పెట్టండి. ఆ రింగు మీదే ఇంకొకటి పడితే ఆయిల్ మొత్తం బయటికి చిమ్ముతుంది.

కొత్త ఆయిల్‌ను బండి దించాకే పోయండి. వాలుగా ఉన్న బండిలో డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూపించేది తప్పుడు మట్టం. దించడం కూడా ఎత్తినంత శ్రద్ధగా చెయ్యాలి, పని అయిపోయిందన్న తొందర సరిగ్గా అప్పుడే పుడుతుంది. ఆయిల్ పళ్లెం, స్పానర్లు, స్టెప్నీ అన్నీ ఇవతలికి లాగి, జాకీతో బండిని ఒక అంగుళం పైకి లేపి, స్టాండ్లను పిడి పట్టుకుని పక్కకు తీసి, వాల్వును కొద్దికొద్దిగా వదలండి. స్టాండ్‌ను తీసేటప్పుడు చెయ్యి మాత్రమే లోపలికి వెళ్లాలి, తలా భుజమూ వెళ్లకూడదు. బండి నేలమీదికి వచ్చాక ఆయిల్ పోసి, ఇంజిన్‌ను ఒక నిమిషం నడిపి ఆపి, కొద్ది నిమిషాల తరువాత డిప్‌స్టిక్ చూడండి.

ప్రశ్న: మేము కారు నిలిపే చోటు ఏటవాలుగా ఉంటుంది, వేరే చోటు లేదు. పైగా నాకు నడుము నొప్పి. చక్రాలకు గట్టిగా అడ్డం పెట్టి ప్రయత్నించవచ్చా?

జవాబు: వద్దు. వాలు మీద స్టాండ్ నిటారుగా నిలవదు, బరువు ఎప్పుడూ పల్లంవైపుకు తోస్తూనే ఉంటుంది, అడ్డుదిమ్మె ఆ తోపును ఆపగలదే గానీ స్టాండ్‌ను సరిచెయ్యలేదు. ర్యాంపులూ అక్కడ పనికిరావు.

మీకు వేరే దారి ఉంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నని ట్యూబు దించి, చేతిపంపుతోనో కరెంటు పంపుతోనో పాత ఆయిల్‌ను పైనుంచే పీల్చెయ్యవచ్చు. బండిని లేపే పనిగానీ, కిందికి వంగే పనిగానీ ఉండదు. అయితే రెండు విషయాలు ముందుగా చూసుకోండి. ఒకటి, మీ కారుకు డిప్‌స్టిక్ ఉండాలి, ట్యూబు చాంబర్ అడుగు వరకు చేరాలి. కొన్ని కార్లలో డిప్‌స్టికే లేదు, మరికొన్నింటిలో మలుపు దగ్గర ట్యూబు ఆగిపోతుంది. రెండు, ఫిల్టర్ పైనుంచి అందాలి. బానెట్ తెరవగానే ప్లాస్టిక్ మూత కింద ఫిల్టర్ కనిపిస్తే మీ అదృష్టం. అది ఇంజిన్ అడుగున ఉంటే ఆ కారు ఆయిల్ మార్చే పనిని, చదునైన నేలా లిఫ్టూ ఉన్న గ్యారేజీకి అప్పగించండి. పంపుతో తీసేటప్పుడు కూడా ఆయిల్ గోరువెచ్చగానే ఉండాలి, చల్లబడి చిక్కబడితే సన్నని ట్యూబులో ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. బయటికి వచ్చిన ఆయిల్‌ను కొలిచి, పుస్తకంలో రాసిన పరిమాణంతో పోల్చి చూడండి. చాలా తక్కువగా వస్తే ట్యూబు అడుగుకు చేరలేదని అర్థం, ట్యూబును కొద్దిగా పైకి తీసి మళ్లీ దించి చూడండి.